ఖాతాలో పడ్డాక కూడా అది పింఛనే

ఒకటో తేదీ. పింఛను జమ అయిందని ఫోనుకు సందేశం వచ్చింది. బ్యాంకుకు వెళ్లి విత్‌డ్రాయల్‌ ఫారం నింపి ఇస్తే, కౌంటర్లో ఉన్న ఉద్యోగి కంప్యూటర్‌ వైపు ఒకసారి చూసి ‘మీ ఖాతా హోల్డ్‌లో ఉందండీ, కోర్టు ఆర్డరు వచ్చింది’ అంటారు. పాస్‌బుక్కులో అచ్చు వేయిస్తే జమ పద్దు స్పష్టంగానే కనిపిస్తుంది. తీసుకోవడానికి మాత్రం ఒక్క రూపాయి ఉండదు. బీపీ మాత్రలు, పాల బాకీ, కరెంటు బిల్లు అన్నీ ఆ ఒక్క పద్దు మీదే ఆధారపడ్డాయి. అప్పు డిక్రీ కింద పింఛనును జప్తు చేయడానికి వీల్లేదని ఈ దేశపు చట్టం నూటయాభై ఏళ్లకు పైగా చెబుతోంది. ఆ మాటా నిజమే, కౌంటర్లో విన్న మాటా నిజమే. రెండూ కలిసి ఎలా నిజమవుతున్నాయో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. చట్టం పింఛనుకు కాపలా పెట్టింది ట్రెజరీ గుమ్మం దగ్గర. పింఛను ఇప్పుడు ఆ గుమ్మం దాటి చేతికి రావడం లేదు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. కాపలా కూడా ఖాతా దగ్గరికి మారాలి. పింఛనుదారు వకీలును పెట్టుకుని పిటిషన్‌ వేసేదాకా ఆగకుండా, ఆ రక్షణ దానంతట అదే పనిచేయాలి.

ముందుగా చట్టం ఏమంటోందో చూద్దాం. 1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షన్‌ ప్రకారం గత సేవకు గాను ప్రభుత్వం ఇచ్చే పింఛనును, అశక్తత వల్ల ఇచ్చేదాన్ని, దయతో మంజూరు చేసే భత్యాన్ని అప్పిచ్చినవారి కోరిక మీద ఏ కోర్టూ జప్తు చేయకూడదు. 1908 సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 60వ సెక్షన్‌లో జప్తుకు లొంగని ఆస్తుల పట్టిక ఉంది. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, పడుకునే పక్క, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని నగ, చేతిపనివారి పనిముట్లు, రైతు నాగలి, ఎద్దులు, విత్తనాలు అందులో ఉన్నాయి. పింఛను, గ్రాట్యుటీ కూడా ఆ వరసలోనే చోటు చేసుకున్నాయి. 1976 సవరణతో ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉద్యోగులతోపాటు ‘మరే ఇతర యజమాని’ దగ్గర పనిచేసి విరమించినవారికీ ఈ రక్షణ విస్తరించింది. అదే సవరణ 1ఎ ఉపసెక్షన్‌ను కూడా చేర్చింది. ఈ మినహాయింపును వదులుకుంటున్నానని ఎవరైనా ముందుగా సంతకం చేసినా ఆ ఒప్పందం చెల్లదని దాని అర్థం. ప్రావిడెంట్‌ ఫండ్‌ సొమ్ము జప్తు కాకూడదని 1925, 1952 చట్టాలు, గ్రాట్యుటీని ముట్టుకోకూడదని 1972 చట్టం విడివిడిగా చెప్పాయి. పాలకులు మారినా, చట్టాలు మారినా ఈ ఒక్క సూత్రం చెక్కుచెదరలేదు.

ఆ పట్టికను మరోసారి చదివితే దాని వెనకున్న ఆలోచన తెలుస్తుంది. నాగలి పోతే రైతు మళ్లీ సంపాదించలేడు, వంటపాత్ర పోతే ఇల్లు గడవదు. బాకీ రాబట్టుకునే హక్కు ఎంత న్యాయమైనదైనా, మనిషి బతికే ఆధారం దగ్గర అది ఆగాలన్నది ఆ ఆలోచన. పింఛను విషయంలో ఈ తర్కానికి మరింత బలముంది. ముప్ఫై ఏళ్ల వాడు జీతంలో కొంత పోగొట్టుకుంటే ఓవర్‌టైమ్‌ చేస్తాడు, ఇంకో పని వెతుక్కుంటాడు. డెబ్బై అయిదేళ్లవారికి ఆ దారి మూసుకుపోయింది. పైగా పింఛను దానం కాదని సుప్రీంకోర్టు 1971లోనే తేల్చింది, అది ఉద్యోగి ఆస్తి అంది. 1982 డిసెంబర్‌ 17న నకారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. పింఛను యజమాని దయ మీద ఆధారపడినది కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని, వృద్ధాప్యంలో సామాజిక న్యాయమని వివరించింది. తెలుగు రాష్ట్రాల్లో పెన్షనర్ల సంఘాలు ఏటా ఆ తేదీన జరుపుకునే పెన్షనర్ల దినోత్సవం ఆ తీర్పు జ్ఞాపకమే. పని చేసిన ఏళ్లలో ఇవ్వకుండా దాచిన కూలిని పని చేయలేని ఏళ్లలో చెల్లించడమే పింఛను. దాన్ని లాక్కుంటే ఆ ముసలి ప్రాణి భారం కొడుకుల మీదో, ఊరి మీదో, ప్రభుత్వం మీదో పడుతుంది. ప్రైవేటు బాకీని చివరికి సమాజం తీర్చినట్టవుతుంది.

ఇంతకీ నిలకడగా పింఛను తీసుకునేవారి మీదికి డిక్రీలు ఎందుకొస్తాయి? తమ అవసరానికి చేసిన అప్పుల సంగతి అలా ఉంచితే, మన దగ్గర పెద్ద కారణం షూరిటీ సంతకం. చిట్టీ పాడుకున్నవారు డబ్బు తీసుకోవాలంటే ప్రభుత్వ ఉద్యోగుల జామీను అడుగుతారు. తోటి ఉపాధ్యాయుడో, ఆఫీసులో పక్క సీటు ఉద్యోగో వచ్చి అడిగితే కాదనలేక జీతం సర్టిఫికెట్‌ జతచేసి సంతకం పెట్టడం జిల్లా కేంద్రాల్లో మామూలు విషయం. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్‌ ప్రకారం అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. అసలు బాకీదారును వెంటాడిన తర్వాతే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. అందుకే వాయిదాలు ఎగ్గొట్టినవారు ఊరు వదిలిపోతే, కదలకుండా ఉద్యోగం చేసుకుంటున్న షూరిటీదారే ముందు దొరుకుతారు. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేసుకోవడానికి లిమిటేషన్‌ చట్టం 12 ఏళ్ల గడువు ఇస్తోంది. 52 ఏళ్ల వయసులో పెట్టిన సంతకం 55లో డిక్రీగా మారితే, 67 ఏళ్ల దాకా అది మెడ మీద వేలాడుతూనే ఉంటుంది. మధ్యలో పదవీ విరమణ వస్తుంది. జీతం ఆగి పింఛను మొదలవుతుంది. రక్షణకు అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం జీతం జప్తుకు లెక్క ఉంది. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000 జీతంలో 13,000 దాకా జప్తు చేయవచ్చు, 27,000 ఉద్యోగికి మిగలాలి. ఈ కోత జీతాలిచ్చే అధికారి దగ్గరే జరుగుతుంది కాబట్టి మినహాయింపు కూడా అక్కడే, చేతికి డబ్బు రాకముందే అమలవుతుంది. ఉద్యోగి వెళ్లి అడగాల్సిన పని లేదు. పింఛను దగ్గరికొచ్చేసరికి ట్రెజరీకి జప్తు ఉత్తర్వు పంపలేనని అప్పిచ్చినవారికీ తెలుసు. అందుకని డిక్రీ అమలు పిటిషన్‌ (ఈపీ)లో దారి మారుస్తారు. సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 21వ ఆర్డర్‌ 46వ రూల్‌ కింద బ్యాంకు ఖాతా మీద నిషేధ ఉత్తర్వు కోరతారు. ఖాతాలో ఉన్న డబ్బు చట్టం దృష్టిలో బ్యాంకు తన ఖాతాదారుకు పడిన బాకీ. ఆ బాకీని చెల్లించవద్దని కోర్టు ఆదేశిస్తుంది. ఉత్తర్వులో ఖాతా నంబరు, డిక్రీ మొత్తం ఉంటాయి. ఆ ఖాతాలో పడుతున్నది పింఛనా, ఇంటి అద్దా, వ్యాపార లాభమా అన్న ప్రశ్న అక్కడ ఉండదు. బ్యాంకు కూడా కోర్టు ధిక్కారం భయంతో ముందు ఖాతాను కట్టేస్తుంది, తర్వాత సంగతి తర్వాత చూసుకోమంటుంది.

ఈ దారి ఎలా తెరుచుకుందో తెలియాలంటే తీర్పుల్లోకి కాస్త వెళ్లాలి. 1952లోనే సుప్రీంకోర్టు ప్రావిడెంట్‌ ఫండ్‌ సొమ్మును జప్తు చేయలేనప్పుడు రిసీవర్‌ను పెట్టి దొడ్డిదారిన రాబట్టడమూ కుదరదని చెప్పింది. 1976లో రిపోర్టయిన జ్యోతి చిట్‌ ఫండ్‌ కేసులోనూ న్యాయస్థానం ఉద్యోగి పక్షానే నిలిచింది. ప్రావిడెంట్‌ ఫండ్‌, పింఛను సొమ్ము ఉద్యోగి చేతికి చేరేదాకా జప్తుకు లొంగదంది. ఉద్దేశం రక్షణే. అయితే ‘చేతికి చేరేదాకా’ అన్న ఆ ఒక్క మాటను అప్పుల వసూలుకు వచ్చేవారు తిరగేసి పట్టుకున్నారు, చేరాక జప్తు చేసుకోవచ్చన్నమాట అని వాదించారు. పింఛనుదారులు ట్రెజరీ దగ్గర వరసలో నిలబడి నోట్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్లే కాలంలో ఆ గీత ఎక్కడుందో అందరికీ తెలిసేది. ఇప్పుడు ట్రెజరీ కంప్యూటర్లోంచి బ్యాంకు కంప్యూటర్లోకి అంకె మారుతుంది. అది ‘చేతికి చేరడం’ అయితే పింఛను ఒక్క క్షణం కూడా రక్షణలో ఉన్నట్టు కాదు. జప్తు చేయలేని వస్తువును చట్టం సృష్టించి, అది పుట్టిన మరుక్షణమే జప్తుకు అప్పగించిందని అనుకోవాల్సి వస్తుంది.

ఈ చిక్కును 2008లో సుప్రీంకోర్టే విప్పింది. పంజాబ్‌ నేషనల్‌ బ్యాంకు కక్షిదారుగా ఉన్న కేసులో, విరమణ ప్రయోజనాలు చేతికందాక కూడా, వాటిని ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌గా మార్చుకున్నా, వాటి స్వభావం పోదని, 60వ సెక్షన్‌ మినహాయింపు వాటికి వర్తిస్తూనే ఉంటుందని తీర్పిచ్చింది. 60వ సెక్షన్‌ మొదటి వివరణ కూడా చెల్లించాల్సిన గడువుకు ముందైనా తర్వాతైనా ఈ సొమ్ము జప్తుకు అతీతమనే అంటోంది. కాబట్టి సూత్రం స్థాయిలో వాదన ముగిసినట్టే. సమస్య అమలు విధానంలో మిగిలిపోయింది. తీర్పు పింఛనుదారుకు ఒక వాదనను ఇచ్చింది. ఆ వాదన వినిపించే భారాన్ని కూడా వారి మీదే ఉంచింది.

ఆ భారం ఎలాంటిదో లెక్కవేసి చూద్దాం. నెలకు 28,000 పింఛను వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఖాతాలో 90,000 ఉన్నాయనుకుందాం. అందులో రెండున్నర నెలల పింఛను, కూతురు పంపిన 10,000, వడ్డీ, పాత నిల్వ కలిసి ఉన్నాయి. ఖాతా మొత్తం హోల్డ్‌లో పడుతుంది. విడిపించుకోవాలంటే వకాల్తా ఇవ్వాలి, పిటిషన్‌ వేయాలి, పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) నకలు, ట్రెజరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. అవతలివారు కౌంటర్‌ వేస్తారు. ఏ రూపాయి పింఛనుది, ఏ రూపాయి కూతురిది, ఖర్చయింది ఏది, మిగిలింది ఏది అని క్రాస్‌ ఎగ్జామినేషన్‌ మొదలవుతుంది. చెరువులో కలిసిన నీళ్లలో ఏ వానవి ఎన్ని అని అడిగినట్టుంటుంది ఇది. ఒకటి రెండు వాయిదాలు పడితే మూడో ఒకటో తేదీ వచ్చేస్తుంది. కొత్తగా పడిన పింఛను కూడా ఆ హోల్డ్‌లోకే పోతుంది. చివరికి న్యాయమూర్తి ఆమెకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చినా, ఆ మూడు నెలలు ఆమె ఎలా గడిపారన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వులో జవాబు ఉండదు. వకీలు ఫీజు కూడా అదే పింఛనులోంచి పోవాలి. కేసు వేసి గెలిస్తే తప్ప దక్కని రక్షణ, కేసు వేయలేని వయసువారికి ఉన్నట్టా లేనట్టా?

జప్తు ఒక్కటే అయితే కనీసం కోర్టు గుమ్మం ఉంది. అది కూడా లేని మరో దారి ఉంది. పింఛను పడే బ్యాంకే అప్పిచ్చిన బ్యాంకు అయితే, తన దగ్గరున్న ఖాతాదారు సొమ్మును తన బాకీకి సర్దుబాటు చేసుకునే హక్కు ఉందంటూ నేరుగా కోత వేస్తుంది. 60వ సెక్షన్‌ డిక్రీ అమలు గురించి మాట్లాడుతుంది. బ్యాంకు తనంతట తాను చేసే సర్దుబాటు డిక్రీ అమలు కిందికి రాదు కాబట్టి ఆ సెక్షన్‌ తనకు అడ్డం రాదన్నది బ్యాంకుల వాదన. న్యాయమూర్తి డిక్రీ చేతిలో పట్టుకుని కూడా చేయలేని పనిని బ్రాంచి మేనేజరు ఒక మీట నొక్కి చేయగలిగితే మినహాయింపుకు అర్థమేముంది? తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. పెట్టుబడి కోసం పడిన రైతుబంధు సొమ్మును పాత పంట రుణాలకు జమ వేసుకున్నప్పుడు ఎంత గొడవ జరిగిందో, అలా చేయవద్దని ప్రభుత్వమే బ్యాంకర్లకు ఎలా చెప్పాల్సి వచ్చిందో గుర్తుంది. ఒక అవసరం కోసం కేటాయించిన డబ్బు ఖాతాలో పడగానే మామూలు డబ్బుగా మారిపోవడం ఈ రెండు చోట్లా కనిపించే జబ్బు.

మూడో ఒత్తిడి అరెస్టు బెదిరింపు. ‘మీ పింఛను జప్తు చేయలేం, సరే. కానీ నెలకు ఇంత వస్తున్నా బాకీ కట్టడం లేదంటే జైలుకు పంపమని పిటిషన్‌ వేస్తాం’ అన్న మాటకు చాలామంది వణికిపోయి ఆభరణాలు అమ్మి కట్టేస్తారు. ఈ బెదిరింపులో చట్టబలం తక్కువ. సివిల్‌ జైలుకు పంపాలంటే బాకీదారుకు కట్టే స్తోమత ఉండి కూడా ఎగ్గొడుతున్నట్టు రుజువు కావాలి. ఆ స్తోమతను లెక్కించేటప్పుడు జప్తుకు లొంగని ఆస్తిని పక్కన పెట్టాలని సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 51వ సెక్షన్‌ వివరణ సూటిగా చెబుతోంది. అంటే పింఛనును చూపించి స్తోమత ఉందనడం కుదరదు. డబ్బు లేకపోవడం నేరం కాదని, దురుద్దేశం లేనిదే జైలుకు పంపడం మనిషి స్వేచ్ఛకు విరుద్ధమని 1980లో సుప్రీంకోర్టు బ్యాంక్‌ ఆఫ్‌ కొచ్చిన్‌ కేసులో స్పష్టం చేసింది. డబ్బు డిక్రీల్లో స్త్రీలను అరెస్టు చేయడానికి అసలే వీల్లేదు. భర్త బాకీలకు కుటుంబ పింఛనును ముడిపెట్టడమూ తప్పే. చనిపోయినవారి ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. కుటుంబ పింఛను చనిపోయినవారి ఆస్తిలో భాగం కాదని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అది భార్యకు సొంతంగా దక్కే హక్కు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. నోటీసు అందుకున్న ఇంట్లోకి మాత్రం చేరడం లేదు.

పాత చట్టం ఊహించని కొత్త రూపాల సంగతి వేరు. 60వ సెక్షన్‌ పింఛనును యజమాని ఇచ్చేదిగానే చూసింది. ఇప్పుడు నేషనల్‌ పెన్షన్‌ సిస్టమ్‌లో ఉద్యోగి సొమ్ము నిధిలో పెరిగి, విరమణ తర్వాత బీమా కంపెనీ యాన్యుటీగా నెలనెలా వస్తుంది. అది యజమాని ఇచ్చే పింఛనా, బీమా సొమ్మా, మామూలు పెట్టుబడా అన్న వాదనకు ఆస్కారం ఉంది. సొంతంగా పొదుపు చేసుకున్న చిన్న వ్యాపారికి, ప్రైవేటు డ్రైవరుకు ఆ అనుమానం మరీ ఎక్కువ. రెండు రాష్ట్రాల్లో లక్షలమంది తీసుకుంటున్న వృద్ధాప్య, వితంతు పింఛన్లు ‘పూర్వ సేవ’కు ఇచ్చేవి కావు. 1871 చట్టంలోని అశక్తత, దయాభత్యం అన్న మాటల కిందికి అవి వస్తాయని వాదించవచ్చు. అంత నిరుపేద సొమ్ముకు వాదనతో పని పడడమే తప్పు. పార్లమెంటుకు ఈ విషయం తట్టకపోలేదు. 2016 దివాలా స్మృతి, వ్యక్తులు దివాలా తీసినప్పుడు వారి పెన్షన్‌ ప్లాన్‌ను, బీమా పాలసీని అప్పులవారికి పంచకుండా మినహాయించింది. అయితే ఆ భాగం కంపెనీల రుణాలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే 2019 డిసెంబర్‌ నుంచి అమల్లోకి వచ్చింది. కోట్ల రూపాయల హామీ సంతకాలు పెట్టిన పారిశ్రామికవేత్తకు దక్కిన స్పష్టత, చిట్టీ కాగితం మీద సంతకం పెట్టిన పంతులుకు దక్కలేదు. అలాంటివారు దివాలా పిటిషన్‌ (ఐపీ) పెట్టాలంటే నేటికీ 1920 నాటి చట్టమే దిక్కు.

పరిష్కారం కోసం చీకట్లో తడుముకోనక్కర్లేదు. మన దగ్గరే పీపీఎఫ్‌ ఖాతా ఉంది. దాన్లోని నిల్వను ఏ కోర్టు డిక్రీ కిందా జప్తు చేయకూడదని 2019 పథకం చెబుతోంది. ఖాతా పేరు చూస్తేనే బ్యాంకుకు తెలిసిపోతుంది, ఖాతాదారు వచ్చి నిరూపించాల్సిన పని లేదు. మామూలు ఖాతాలో కలిసిపోయే నెలవారీ సొమ్ముకు అమెరికా ఒక తేలికైన లెక్క కనిపెట్టింది. అక్కడ సోషల్‌ సెక్యూరిటీ సొమ్ము జప్తు కాకూడదని చట్టం ఎప్పటినుంచో ఉన్నా, బ్యాంకులు మనలాగే ఖాతాలను కట్టేసేవి, వృద్ధులు కోర్టుల చుట్టూ తిరిగేవారు. 2011 మే నుంచి అమలైన నిబంధన ఆ వరసను తిరగేసింది. జప్తు ఉత్తర్వు అందగానే బ్యాంకు గత రెండు నెలల్లో ఆ ఖాతాలో నేరుగా పడిన ప్రభుత్వ ప్రయోజనాలెన్నో కూడాలి. ఆ మొత్తాన్ని, లేదా ఖాతాలో ఉన్నది అంతకంటే తక్కువైతే ఉన్నదాన్ని, ఖాతాదారు అడక్కుండానే వాడుకోనివ్వాలి. ఏ రూపాయి ఎక్కడిదన్న తగువు లేదు. మన లెక్కలోని ఉపాధ్యాయినికి ఈ పద్ధతి ఉంటే, మొదటి రోజే 56,000 రూపాయలు ఆమె చేతిలో ఉండేవి. మిగిలిన 34,000 గురించి ఎవరి వాదన వారు నింపాదిగా కోర్టులో వినిపించుకునేవారు.

మనకు కావాల్సినదీ ఇదే. ట్రెజరీ నుంచో, ప్రావిడెంట్‌ ఫండ్‌ సంస్థ నుంచో, యాన్యుటీ ఇచ్చే కంపెనీ నుంచో వచ్చే ప్రతి జమకూ పింఛను అన్న గుర్తు ఉండాలి. ఉత్తర్వు అందినా కనీసం మూడు నెలల పింఛనుకు సమానమైన నిల్వ, ఆ తర్వాత పడే ప్రతి నెల పింఛను హోల్డ్‌లోకి పోకూడదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్‌ వంటి మొత్తాలను దాచుకోవడానికి పీపీఎఫ్‌ తరహాలో విరమణ డిపాజిట్‌ అనే ప్రత్యేక ఖాతా ఉండాలి. బ్యాంకు సొంత బాకీకి కూడా అదే గీత వర్తించాలి. పింఛను మీద రుణం తీసుకుని, నెలకింత కోసుకోండని పింఛనుదారు తెలిసి ఒప్పుకున్న వాయిదా ఒక్కదానికే మినహాయింపు ఉండాలి, దానికీ ఒక పరిమితి పెట్టాలి. నిషేధ ఉత్తర్వు ఫారంలోనే ‘పింఛను జమలకు ఇది వర్తించదు’ అన్న వాక్యం అచ్చయి ఉండాలి. పింఛనుదారుకు వెళ్లే నోటీసు తెలుగులో ఉండాలి, మినహాయింపు ఏమిటో అందులో రాసి ఉండాలి.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. అప్పిచ్చినవారూ మనుషులే, కొన్నిసార్లు వారూ వృద్ధులే. కూతురు పెళ్లికి దాచుకున్న డబ్బు చేబదులు ఇచ్చి, ఏళ్ల తరబడి కోర్టులో తిరిగి డిక్రీ తెచ్చుకున్నవారికి ‘పింఛను ముట్టుకోకు’ అనడం క్రూరంగా తోచవచ్చు. అయితే ఈ ప్రతిపాదన వారి హక్కులో కొత్తగా ఏదీ తగ్గించడం లేదు. ప్రభుత్వ పింఛనును జప్తు చేసే హక్కు వారికి 1908లోనూ లేదు, ఈనాడూ లేదు. ఇప్పుడు వారు పొందుతున్నది చట్టం ఇచ్చిన హక్కు కాదు, పింఛనుదారు నిస్సహాయత వల్ల దొరుకుతున్న వసూలు. డిక్రీ అలాగే ఉంటుంది. ఇల్లు, స్థలం, షేర్లు, మామూలు డిపాజిట్లు, అద్దెల మీద దాన్ని అమలు చేసుకోవచ్చు. ఆస్తుల వివరాలు అఫిడవిట్‌లో చెప్పమని బాకీదారును కోర్టు ఆదేశించే వీలు 21వ ఆర్డర్‌లోనే ఉంది. ఆ దారిని బలపరచి, దాచినవారిని శిక్షించి, అసలు బాకీదారును వెతికి పట్టుకోవడం కష్టమైన పని. ఒకటో తేదీన కదలకుండా దొరికే ఖాతాను కట్టేయడం తేలిక. తేలికైన దారి ఉన్నంతకాలం కష్టమైనదాన్ని ఎవరూ బాగుచేయరు.

రెండోది దుర్వినియోగం భయం. కోట్లలో విరమణ ప్రయోజనాలు తీసుకున్న పెద్ద అధికారి అప్పులు ఎగ్గొట్టి ఈ గొడుగు కింద దాక్కోడా? దాక్కోవచ్చు, కాబట్టి మొత్తంగా వచ్చిన సొమ్ముకు ఒక పరిమితి పెట్టడం సబబు. కొలమానం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ప్రైవేటు ఉద్యోగుల గ్రాట్యుటీకి చట్టం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 20 లక్షల రూపాయలు. విరమణ డిపాజిట్‌కు స్వయంచాలక రక్షణను అలాంటి అంకె దగ్గర ఆపి, దానికి మించినదాన్ని ఇప్పటిలాగే కోర్టు విచారణకు వదలవచ్చు. అప్పు ఎగ్గొట్టాలనే ఆస్తి అమ్మి ఆ ఖాతాలో వేసినట్టు తేలితే రక్షణ తీసేయవచ్చు. భార్యాపిల్లల భరణం విషయమూ వేరుగానే ఉండాలి. భరణం అడిగే భార్యను అప్పులవాడితో సమానంగా చూడలేమని బొంబాయి హైకోర్టు ఇప్పటికే చెప్పింది, అది సరైన మాట. పింఛను ఎవరి పొట్ట నింపడానికి వచ్చిందో వారిలో ఆమె కూడా ఉంది. ఈ గొడుగు బయటి అప్పుల వానకే పట్టాలి. నిజానికి పరిమితి గురించి మాట్లాడేటప్పుడు కింది చివర కూడా చూడాలి. ఉద్యోగుల పింఛను పథకంలో 2014 నుంచి కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. ఆ వెయ్యిని కాపాడుకోవడానికి వకీలును పెట్టుకోమనడం కంటే అన్యాయం ఏముంటుంది?

మూడో అభ్యంతరం, ఇంత రక్షణ ఉంటే పింఛనుదారులకు అప్పు పుట్టదు, వారి షూరిటీకి విలువ ఉండదని. అప్పు సంగతికి జవాబు బ్యాంకులే ఇస్తున్నాయి. పింఛనును జప్తు చేయలేమని తెలిసీ, నెలవారీ వాయిదా కోసుకునే అంగీకారంతో అవి పెన్షన్‌ రుణాలు ఇస్తూనే ఉన్నాయి. ఇష్టపడి కట్టే వాయిదాకూ, ఖాతా మొత్తాన్ని కట్టేసే జప్తుకూ పోలిక లేదు. షూరిటీ విలువ తగ్గితే మాత్రం దిగులు పడాల్సిన పని లేదు. తీసుకునేవారి స్తోమత చూడకుండా సంతకం చేసేవారి జీతం చూసి డబ్బు ఇచ్చే అలవాటు ఎన్నో ఇళ్లను కూల్చింది. విరమణకు అయిదారేళ్లే ఉన్న ఉద్యోగి హామీని తీసుకునేటప్పుడు, ఆ తర్వాత వారి ఆదాయం తన చేతికి చిక్కదని ఇచ్చేవారికి ముందే తెలిస్తే పాడుకున్నవారి గురించే జాగ్రత్తగా విచారిస్తారు. బ్యాంకులకు పని పెరుగుతుందన్న మాట కూడా వినిపించవచ్చు. ఏటా లైఫ్‌ సర్టిఫికెట్‌ రాకపోతే పింఛను ఆగిపోయేంత ఖచ్చితంగా ఏ ఖాతా పింఛనుదో తెలిసిన వ్యవస్థ మనది. ఆపడానికి గుర్తుపట్టగలిగే ఖాతాను కాపాడడానికి గుర్తుపట్టలేమనడం నిలబడే వాదన కాదు.

ఇదంతా పార్లమెంటు సవరణ కోసం ఎదురుచూడాల్సిన పని కూడా కాదు. 60వ సెక్షన్‌లోకి కొత్త పింఛను రూపాలను, వృద్ధాప్య పింఛన్లను స్పష్టంగా చేర్చడం, జీతానికి పెట్టిన 1,000 రూపాయల అంకెను నేటి ధరలకు తగ్గట్టు మార్చడం చట్టసభల బాధ్యత. సివిల్‌ విధానం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర శాసనసభలూ ముందడుగు వేయవచ్చు. అయితే సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ మొదటి షెడ్యూలులోని ఆర్డర్లు, రూల్సు, ఫారాలను మార్చుకునే అధికారం 122వ సెక్షన్‌ హైకోర్టులకే ఇచ్చింది. అమరావతిలోని ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు, తెలంగాణ హైకోర్టు తమ రూల్‌ కమిటీల ద్వారా 46వ రూల్‌కు ఒక ఉపనియమాన్ని, నిషేధ ఉత్తర్వు ఫారానికి ఒక వాక్యాన్ని రాష్ట్ర ప్రభుత్వాల ఆమోదంతో చేర్చవచ్చు. బ్యాంకులు తమంతట తాము వేసే కోతను ఆపడం రిజర్వు బ్యాంకు ఆదేశంతో అయ్యే పని. ఒక వాక్యం అచ్చువేసినందుకు ఖజానాకు ఖర్చు లేదు, డిక్రీ పొందినవారికి నష్టం లేదు.

నూటయాభై ఏళ్ల కిందట ఈ సూత్రాన్ని రాసినవారు డబ్బు నడిచే దారిలో తమకు కనిపించిన గుమ్మం దగ్గర కాపలా పెట్టారు. గుమ్మం మారింది, కాపలాను మార్చడం మన తరం వంతు. అప్పుడు ఒకటో తేదీన ఉత్తర్వు వచ్చినా రాకపోయినా, కౌంటర్లోని ఉద్యోగి కంప్యూటర్‌ వైపు చూసి ‘కోర్టు ఆర్డరు వచ్చిందండీ, కానీ ఇది మీ పింఛను, తీసుకోండి’ అని నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. ఆ వాక్యంలోని రెండో సగం ఇప్పటికే చట్టంలో ఉంది. దాన్ని కౌంటర్‌ దాకా తీసుకురావడమే మిగిలింది.